వడగళ్ళ కన్నా ముందే: 2019 టూర్ డి ఫ్రాన్స్ వెంట ఆల్ప్స్ కొండల్లో

ఫ్రాన్స్‌లో ఏటా మూడు వారాల పాటు జరిగే సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్. 2019 టూర్ పేరెత్తగానే చాలామంది వడగళ్ళ వాన గురించే మాట్లాడతారు. జూలై 26న ఇజెరాన్ కనుమ అవతల రోడ్డంతా మంచుగడ్డలతో నిండిపోయి, కింద లోయలో కొండచరియ విరిగిపడి, రేసును మధ్యలోనే ఆపేశారు. రేసులో అందరికన్నా ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ, ఫ్రెంచి రైడర్ జూలియన్ అలాఫిలిప్ ఒంటి మీంచి కొలంబియా కుర్రాడు ఎగాన్ బెర్నాల్ ఒంటి మీదికి మారింది ఆ రోజే. దాంతో "బెర్నాల్‌ని వాన గెలిపించింది" అన్న మాట పుట్టింది. ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. వాన కన్నా ముందు ఆ కొండ మీద ఏం జరిగిందో రోడ్డు పక్కన నిలబడి చూశాను. అందుకే ఆ ఆఖరి వారం మేం తిరిగిన దారిని రోజువారీగా రాస్తున్నాను.

ఉద్యోగరీత్యా నేను లియోన్‌లో ఉంటాను. ఆ జూలైలో మా ఆవిడ తమ్ముడు గుంటూరు నుంచి వచ్చాడు. సైకిల్ రేసుల గురించి అతనికి అప్పటిదాకా ఏమీ తెలియదు. బయల్దేరే ముందు అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఇరవై ఒక్క రోజులు తొక్కితే ఎవరు గెలిచినట్టు బావా? రోజుకొకడు ముందొస్తాడు కదా!"

లెక్క తేలికే. రోజుకొక స్టేజ్. ఆ రోజు ముందొచ్చినవాడు ఆ స్టేజ్ విజేత. కానీ అసలు గెలుపు మొత్తం సమయంది. అన్ని రోజులూ కలిపి ఎవరికి తక్కువ సమయం పడితే వాడికి పసుపు జెర్సీ. అంటే ఒక్క స్టేజ్ కూడా గెలవకుండా టూర్ గెలవొచ్చు. ఆ ఏడాది అచ్చం అలాగే జరిగింది.

అది 106వ టూర్. జూలై 6న బ్రస్సెల్స్‌లో మొదలైంది. ఎడ్డీ మెర్క్స్ మొదటిసారి టూర్ గెలిచి 50 ఏళ్ళు అయిందని ఆరంభం బెల్జియంకిచ్చారు. పసుపు జెర్సీకి కూడా అది నూరో ఏడు. 22 జట్లు, జట్టుకి 8 మంది, మొత్తం 176 మంది రైడర్లు. అంతకు ముందు నాలుగుసార్లు గెలిచిన క్రిస్ ఫ్రూమ్ జూన్‌లో పడిపోయి ఎముకలు విరగ్గొట్టుకుని టూర్‌కి దూరమయ్యాడు. దాంతో మిగతావాళ్ళందరిలో ఆశ పుట్టింది. అందరికన్నా ఎక్కువ ఆశపడింది ఫ్రాన్స్ దేశం. 1985లో బెర్నార్ ఇనో తర్వాత ఒక్క ఫ్రెంచివాడు కూడా టూర్ గెలవలేదు. అలాంటిది ఆఖరి వారం మొదలయ్యేసరికి అలాఫిలిప్ పసుపు జెర్సీలో ఉన్నాడు. పిరెనీస్ కొండల్లో తూర్‌మలే స్టేజ్ గెలిచిన తిబో పినో రెండు నిమిషాల లోపు దూరంలో కాచుకుని ఉన్నాడు. మా ఆఫీసులో సైకిల్ ముట్టుకోని వాళ్ళు కూడా మధ్యాహ్నం పూట స్కోరు చూసుకునేవాళ్ళు.

జూలై 24, బుధవారం: గాప్

లియోన్ నుంచి పొద్దున్నే కారులో బయల్దేరి గ్రెనోబుల్ మీదుగా గాప్ చేరాం. ఆ వేసవి యూరప్‌ని కాల్చేసింది. జూన్ 28న దక్షిణ ఫ్రాన్స్‌లోని వెరార్గ్ దగ్గర 46 డిగ్రీలు నమోదైంది, ఆ దేశ చరిత్రలో అదే ఎక్కువ. జూలైలో రెండో వడగాలి వచ్చిపడింది. గాప్‌లో నీడ కోసం జనం గోడలకి అతుక్కుని నిలబడ్డారు.

ఆనాటి స్టేజ్ రోమన్ల కాలపు పాన్ దు గార్ వంతెన దగ్గర మొదలై 200 కిలోమీటర్లు వచ్చి గాప్‌లో ముగుస్తుంది. రైడర్ల కన్నా దాదాపు రెండు గంటల ముందు ప్రచార వాహనాల ఊరేగింపు వస్తుంది. టీవీలో ఇది కనపడదు. పెద్ద పెద్ద బొమ్మలు కట్టిన బళ్ళు, పాటలు, బళ్ళ మీంచి విసిరే టోపీలు, చాక్లెట్లు, కీ చెయిన్లు. ఎరుపు తెలుపు గళ్ళ టోపీ ఒకటి మా బావమరిది చేతికి చిక్కింది. పెద్దవాళ్ళు కూడా చేతులు చాచి అరుస్తుంటే మన ఊరి తిరునాళ్ళలో రథం మీంచి అరటిపళ్ళు విసిరే ఘట్టమే గుర్తొచ్చింది.

రేసు విషయానికొస్తే ఆ రోజు పెద్ద జట్లకి విశ్రాంతి లాంటిది. ముప్పై మందికి పైగా ముందే విడిపోయి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఇటలీ రైడర్ మత్తెయో ట్రెంటిన్ ఆఖరి గుట్ట మీద అందర్నీ వదిలించుకుని ఒంటరిగా వచ్చాడు. అసలు గుంపు, అంటే పెలోటన్, ఇరవై నిమిషాల తర్వాత తీరిగ్గా వచ్చింది. అలాఫిలిప్ పసుపు జెర్సీ కళ్ళ ముందు నుంచి మెరుపులా పోయింది. పినో గుంపు మధ్యలో ఎక్కడో ఉన్నాడు, నాకు కనపడలేదు.

ఆ రోజు దారిలో ఒకచోట పడబోయినవాణ్ణి తప్పించుకోబోయి పినో తన ఎడమ తొడని హ్యాండిల్‌బార్‌కి కొట్టుకున్నాడు. కండరం చిట్లింది. రోడ్డు పక్కన నిలబడ్డ మాలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. "ఇవాళేం జరగలేదు" అనుకుంటూ జనం బీరు తాగడానికి పోయారు. టూర్‌లో నన్ను ఎక్కువ పట్టి కుదిపేది ఇదే. ఏమీ జరగని రోజున కూడా ఎవరికో ఒకరికి టూర్ అయిపోతూ ఉంటుంది.

రాత్రికి బ్రియాన్‌సాన్ దాటి, ల మొనెతియే అనే ఊళ్ళో గది తీసుకున్నాం. అక్కడ గాలి చల్లగా ఉంది. పడుకునే ముందు సమయాలన్నీ కాగితం మీద రాసి చూపించాను. అలాఫిలిప్ ముందు, తర్వాత పోయినేటి విజేత గెరైంట్ థామస్ 1 నిమిషం 35 సెకన్ల వెనక, నెదర్లాండ్స్ రైడర్ స్టీవెన్ క్రౌస్‌వైక్ 1:47, పినో 1:50, బెర్నాల్ 2:02. మూడు వారాలు తొక్కాక అయిదుగురి మధ్య రెండు నిమిషాల తేడా. మా వాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

జూలై 25, గురువారం: గలిబియే

తెల్లవారుజామున రోడ్డు మూసెయ్యక ముందే లొతారే కనుమ చేరి కారు గడ్డి మీద ఆపాం. అక్కడి నుంచి గలిబియే శిఖరానికి ఎనిమిదిన్నర కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. నడకే. సంచిలో పులిహోర, నీళ్ళు, గొడుగు, స్వెట్టర్. కొండ మీద ఎండ, చలి రెండూ ఒకే పూటలో వస్తాయి కాబట్టి అన్నీ మోసుకెళ్ళాలి. ఆ రోజు పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదై పాత రికార్డులన్నీ చెరిగిపోయాయి. మాకు మాత్రం రెండు వేల మీటర్ల పైన గాలి హాయిగానే ఉంది, ఎండే చర్మం మాడ్చేసింది.

రోడ్డు పొడవునా క్యాంపర్ బళ్ళు. కొందరు రెండు మూడు రోజుల ముందే వచ్చి చోటు పట్టుకుంటారు. వంట, స్నానం, పేకాట అన్నీ అక్కడే. రోడ్డు మీద సుద్దతో, పెయింటుతో పేర్లు రాసుకుంటారు. ఎక్కడ చూసినా పినో పేరే. ఒక ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని 'పి' అక్షరాన్ని మనిషంత పొడుగున రంగుతో నింపుతున్నాడు. ఆయన మనవడు డబ్బా పట్టుకున్నాడు.

గలిబియే మీదికి టూర్ మొదటిసారి వచ్చింది 1911లో. అప్పుడది మట్టిరోడ్డు, సైకిళ్ళకి గేర్లు లేవు, చాలామంది దిగి తోసుకుంటూ ఎక్కారు. శిఖరానికి కిలోమీటరు దిగువన, సొరంగం ముందు, టూర్‌ని పుట్టించిన పత్రికా సంపాదకుడు అన్‌రీ దెగ్రాంజ్ స్మారక స్తంభం ఉంది. మేం అక్కడే కూర్చున్నాం. చుట్టూ మంచు కప్పిన శిఖరాలు, కింద పాములా మెలికలు తిరిగిన రోడ్డు. రైడర్లు ఏ మలుపులో ఉన్నారో హెలికాప్టర్ చప్పుడును బట్టి ముందే తెలుస్తుంది.

ఆనాటి స్టేజ్ ఆంబ్రన్ నుంచి వల్వార్ దాకా 208 కిలోమీటర్లు. మధ్యలో వార్, ఇజోవార్, గలిబియే, మూడూ రెండు వేల మీటర్లు దాటినవే. మా దగ్గరికి మొదట వచ్చినవాడు నైరో కింటానా. ఒక్కడే. ముఖంలో ఏ భావమూ లేదు. నోరు మూసుకునే ఎక్కుతున్నాడు. కొలంబియా జెండాలు పట్టుకున్నవాళ్ళు ఏడుస్తూ పక్కన పరుగెత్తారు. ఆ స్టేజ్ ఆయనే గెలిచాడు.

చాలాసేపటికి ఇంకొక కొలంబియా రైడర్, తెల్ల జెర్సీలో. పాతికేళ్ళ లోపు వాళ్ళలో మొదటివాడికి ఇచ్చే జెర్సీ అది. బెర్నాల్. పసుపు జెర్సీ కోసం పోటీపడేవాళ్ళ గుంపు నుంచి విడిపడి వస్తున్నాడు. సీటు మీంచి లేవకుండా, భుజాలు కదలకుండా, కాళ్ళు మాత్రం గిరగిరా తిరుగుతూ. వెనకాల థామస్, పినో, క్రౌస్‌వైక్ ఒక కట్టగా వచ్చారు. తోక చివర పసుపు జెర్సీ. అలాఫిలిప్ నోరు తెరుచుకుని, తల అటూ ఇటూ ఊపుతూ, ముందు చక్రం వంక చూస్తూ వేలాడుతున్నాడు. మా చుట్టూ ఉన్న ఫ్రెంచి జనం గొంతులు పోయేలా అరిచారు. నేనూ అరిచాను. నాకు అతనంటే ఇష్టం. అతను కొండల మీద మూడు వారాలు నిలబడే రకం కాదని అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. అయినా రోజూ ఆ జెర్సీ కోసం పోరాడాడు.

శిఖరం దాటేసరికి అతను ఆ గుంపు నుంచి తెగిపోయాడు. అక్కడి నుంచి వల్వార్‌కి 19 కిలోమీటర్ల దిగుడు. పక్క బండిలో రేడియో పెట్టారు. దిగేటప్పుడు అలాఫిలిప్‌కి సాటి వచ్చేవాళ్ళు తక్కువ. మలుపుల్లో సైకిల్‌ని పడుకోబెట్టి దూసుకెళ్ళి అందరినీ కలుసుకున్నాడని చెప్పగానే కొండంతా కేకలు. బెర్నాల్ మాత్రం 32 సెకన్లు సంపాదించుకుపోయాడు. మా వాడు జేబులో కాగితం తీసి బెర్నాల్ పేరు ఎదుట 2:02 కొట్టేసి 1:30 అని రాశాడు. రెండో స్థానం.

రోడ్డు తెరిచాక కారు తీసుకుని అదే కనుమ మీంచి మొరియెన్ లోయలోకి దిగాం. రాత్రి బాగా పొద్దుపోయాక లాన్‌లెబూర్‌లో గది దొరికింది.

జూలై 26, శుక్రవారం: ఇజెరాన్

ఈ రోజు గురించి ఎక్కువ రాయాలి.

మొరియెన్ లోయలో చివరి ఊరు బొన్‌వాల్. రాతి గోడలు, రాతి పలకల కప్పులు, కిటికీల్లో పూలకుండీలు. 1800 మీటర్ల ఎత్తు. ఊరు దాటగానే ఇజెరాన్ ఘాట్ రోడ్డు మొదలవుతుంది. దాదాపు 13 కిలోమీటర్లు, సగటున నూటికి ఏడున్నర మీటర్ల ఎక్కుడు, శిఖరం 2770 మీటర్లు. ఆల్ప్స్‌లో తారు రోడ్డున్న కనుమల్లో అదే ఎత్తయినది. 1937లో ఈ రోడ్డు తెరిచారు, మర్నాటి ఏడాదే టూర్ ఇక్కడికొచ్చింది. 1996లో కూడా దారిలో ఇజెరాన్ పెట్టారు గానీ, మంచు కురవడంతో ఆ కనుమనీ గలిబియేనీ వదిలేసి స్టేజ్‌ని 46 కిలోమీటర్లకి కుదించారు. జూలై నెల అని ఈ కొండని నమ్మడానికి లేదు.

ఆ ఎత్తులో ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే నాలుగో వంతుకి పైగా తగ్గిపోతుంది. నడుస్తున్న మాకే పది అడుగులకొకసారి ఆగాలనిపించింది. ఇక్కడే బెర్నాల్ సంగతి అర్థం చేసుకోవాలి. అతని ఊరు జిపాకిరా, బొగొటా దగ్గర, 2600 మీటర్ల పైన ఉంటుంది. అక్కడి ఉప్పు గనిలో తొలిచిన చర్చి ప్రసిద్ధం, అతని తండ్రి అక్కడ కాపలా ఉద్యోగం చేశాడు. మిగతావాళ్ళు నెలల తరబడి శిబిరాలు పెట్టుకుని అలవాటు చేసుకునే గాలిలో ఈ కుర్రాడు పుట్టి పెరిగాడు. పైగా ఆ ఏడాది నిర్వాహకులు రెండు వేల మీటర్లకి పైన మూడు స్టేజ్‌ల ముగింపులు పెట్టారు. తూర్‌మలే, తీన్య్, వాల్ తొరాన్స్. ఎత్తు మీద ఎవరు బలంగా ఉంటారో వాళ్ళదే టూర్ అని దారి గీసిన రోజే తేలిపోయింది.

శిఖరానికి నాలుగు కిలోమీటర్ల దిగువన ఒక మలుపులో ఆగాం. రోడ్డు పక్క పల్లంలో పాత మంచు ఇంకా కరగలేదు. మా పక్కన నెదర్లాండ్స్ నుంచి వచ్చిన జంట నారింజ రంగు గొడుగు పాతుకుని ఉన్నారు. వాళ్ళకి పులిహోర పెడితే, వాళ్ళు బోఫోర్ చీజు ముక్కలు ఇచ్చారు. ఆ లోయ ఆవుల పాలతో చేసే చీజు అది, గట్టిగా, కొంచెం తియ్యగా ఉంటుంది.

మధ్యాహ్నం తర్వాత కింది నుంచి ఒక కబురు ఎక్కి వచ్చింది. ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. ఒక బండి నుంచి ఇంకొక బండికి, ఒక మలుపు నుంచి ఇంకొక మలుపుకి మాట నడిచింది. పినో ఆగిపోయాడు. ఎవరూ నమ్మలేదు. ఒకమ్మాయి ఫోన్లో వీడియో పట్టుకుంది. పినో తొక్కలేక వెనకబడిపోయాడు, తోటి రైడర్ విలియం బొనే పక్కకి వచ్చి భుజం మీద చెయ్యి వేసి కౌగిలించుకున్నాడు, పినో ఏడుస్తూ సైకిల్ దిగి జట్టు కారెక్కాడు. బుధవారం నాటి ఆ తొడ దెబ్బ. గురువారం గలిబియే మీద మా ముందు నుంచి అందరితో సమానంగా ఎక్కినప్పుడు కూడా ఆ నొప్పి ఉండే ఉంటుంది. ఆ టూర్‌లో కొండల మీద అందరికన్నా బలంగా కనపడ్డ మనిషి అతనే. పైన ఆకాశం నల్లబడుతోంది, ఎవరూ పట్టించుకోలేదు. రోడ్డు మీద అతని పేరు ఇంకా తడిగా ఉంది.

మా వాడు కాగితం తీశాడు. పినో పేరు కొట్టెయ్యమన్నాను. కొట్టెయ్యలేదు.

హెలికాప్టర్ చప్పుడు వినపడింది. ముందు విడిపోయిన గుంపులో మిగిలినవాళ్ళు చెదురుమదురుగా వచ్చారు. ఆ తర్వాత తెల్ల జెర్సీ. ఒక్కడే. మాకు కొంచెం దిగువనే థామస్ ఒక ఊపు ఊపాడని, దానికి అలాఫిలిప్ తట్టుకోలేకపోయాడని, వెంటనే బెర్నాల్ లేచి వెళ్ళిపోయాడని తర్వాత టీవీలో చూశాం. మేం చూసింది ఆ దాడి ఫలితం. ముందువాళ్ళని ఒక్కొక్కర్నే దాటుకుంటూ పోతున్నాడు. నిన్నటి తీరే. భుజాలు కదలవు, కాళ్ళు ఆగవు. 2500 మీటర్ల ఎత్తులో, ఇరవై రోజులుగా తొక్కుతున్న రైడర్, వెనక్కి ఒక్కసారి కూడా తిరిగి చూడకుండా పోవడం నేను అంత దగ్గర నుంచి అంతకు ముందు చూడలేదు.

వెనకాల థామస్, క్రౌస్‌వైక్, జర్మనీ రైడర్ బుఖ్‌మన్. ఆ తర్వాత ఖాళీ. ఆ ఖాళీ పొడుగవుతున్న కొద్దీ జనంలో టెన్షన్. చివరికి పసుపు జెర్సీ వచ్చింది. ఒళ్ళంతా ఊగిపోతోంది. నిన్న నోరు తెరుచుకున్నాడు గానీ కళ్ళలో పోరాటం ఉంది. ఇవాళ కళ్ళు ఎక్కడో ఉన్నాయి. ఫ్రెంచివాళ్ళు పరుగెత్తలేదు, చప్పట్లు కొట్టారు. నాలుగు కిలోమీటర్ల ఎక్కుడు ఇంకా ఉంది.

శిఖరం దగ్గర తేడా రెండు నిమిషాలు దాటింది. పొద్దున్నే 1:30 ముందున్నవాడు వెనకబడిపోయాడు. ఇదంతా పొడి రోడ్డు మీద, ఎక్కుడులో, మా కళ్ళ ముందు జరిగింది. అప్పటికి బొన్‌వాల్ వైపు చినుకు కూడా పడలేదు.

అవతలి వైపు వాల్ దిజేర్ దగ్గర అదే సమయంలో వడగళ్ళు కుమ్మరించాయి. రోడ్డు తెల్లబడింది. మంచు తోసే బండి తెచ్చి నీళ్ళూ గడ్డలూ పక్కకి నెట్టడం మొదలుపెట్టారు. ఇంకొంచెం కింద బురద, రాళ్ళు రోడ్డు మీదికి జారాయి. రైడర్లు అప్పటికే గంటకి డెబ్భై, ఎనభై కిలోమీటర్ల వేగంతో దిగుతున్నారు. టైరు వెడల్పు బొటనవేలంత. టూర్ డైరెక్టర్ క్రిస్తియాన్ ప్రూదొమ్ బృందం రేసు ఆపెయ్యాలని నిర్ణయించింది. సమయాలు ఇజెరాన్ శిఖరం దగ్గరివి తీసుకున్నారు. ఆ స్టేజ్‌కి విజేత లేడు. ఆపకుండా ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం కూడా భయం. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టేవాళ్ళు ఆ మంచు మీద ఒకసారి నడిచి చూడాలి.

వీటిలో ఏదీ మాకు అప్పుడు తెలియదు. ఆఖర్న వచ్చే గుంపు, కొండలు ఎక్కలేని స్ప్రింటర్లంతా కలిసి ఎక్కే గ్రుప్పెట్టో, నెమ్మదిగా పైకి వెళ్ళింది. దాని వెనక, రేసు వదిలేసినవాళ్ళని ఎక్కించుకునే, చీపురు బండి అని పిలిచే వ్యాను కూడా పోయింది. జనం దిగడం మొదలుపెట్టాక ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. నెదర్లాండ్స్ ఆయన "రేసు ఆగింది, బెర్నాల్ పసుపు" అని రెండే ముక్కలు చెప్పాడు. అలాఫిలిప్ 45 సెకన్ల వెనక.

దిగుతున్నంతసేపూ ఇదే వాదన. ఒక ఫ్రెంచి కుర్రాళ్ళ గుంపు "దిగుడులో జూలియన్ మళ్ళీ కలుసుకునేవాడు, నిన్నటిలాగే" అన్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమైంది. కానీ గలిబియే దగ్గర ముగింపు దిగుడు చివర ఉంది. ఇక్కడ దిగాక, ముగింపు ఉన్న తీన్య్ దాకా ఇంకొక ఏడు కిలోమీటర్ల ఎక్కుడుంది. నిన్న శిఖరం దగ్గర కొన్ని సెకన్లే తేడా, ఇవాళ రెండు నిమిషాలు. కొండ మిగిలి ఉంటే తేడా తగ్గేది కాదు, పెరిగేది. వాన వల్ల బెర్నాల్ పోగొట్టుకున్నదే ఎక్కువ. స్టేజ్ గెలుపు, గీత దాటుతూ చేతులు పైకెత్తే ఆ క్షణం.

జూలై 27, శనివారం: మూతియే

రాత్రంతా వాన. పొద్దున్న కారులో లోయ చుట్టూ తిరిగి ఆల్బెర్‌విల్ చేరేసరికి కొండలన్నీ మబ్బులో ఉన్నాయి. ఆనాటి స్టేజ్ 130 కిలోమీటర్లు ఉండాల్సింది. కొండచరియల భయంతో కోర్మె ద రొజ్‌లాన్ కనుమని వదిలేసి 59.5 కిలోమీటర్లకి తగ్గించారు. మిగిలింది మూతియే దాకా లోయ, అక్కడి నుంచి వాల్ తొరాన్స్‌కి ఒకటే 33 కిలోమీటర్ల ఎక్కుడు. టూర్ అంతటికీ ఒక కొండ మిగిలింది.

మూతియే పైన మొదటి మలుపుల్లో నిలబడి చూశాం. ముప్పై నాలుగేళ్ళ విన్‌చెంజో నీబాలి ముందు గుంపులో ఉన్నాడు. 2014 టూర్ గెలిచినవాడు, ఆ ఏడాది ఇటలీలో జరిగే మూడు వారాల రేసు జిరోలో రెండో స్థానంలో వచ్చి అలసిపోయి ఉన్నాడు. క్రౌస్‌వైక్ జట్టు పసుపు నల్ల జెర్సీలు పెలోటన్ ముందు వరుసగా లాగుతున్నాయి. అందరూ దాటిపోయాక ఊళ్ళోకి దిగి ఒక కాఫీ షాపులో టీవీ ముందు కూర్చున్నాం. తడిసిన రెయిన్ కోట్ల వాసన, కిక్కిరిసిన బల్లలు.

ముగింపు ఇంకా పన్నెండు కిలోమీటర్లకి పైగా ఉండగానే అలాఫిలిప్ విడిపోయాడు. మూడు నిమిషాలకి పైగా పోగొట్టుకున్నాడు. రెండో స్థానం నుంచి అయిదో స్థానానికి పడ్డాడు. మొత్తం 14 రోజులు పసుపు జెర్సీ వేసుకున్న మనిషి. కౌంటర్ వెనక ఉన్నావిడ అతను తెర మీద కనపడినప్పుడల్లా గట్టిగా చప్పట్లు కొట్టింది. నీబాలి స్టేజ్ గెలిచాడు. బెర్నాల్ కొన్ని సెకన్ల వెనక, థామస్ పక్కనే, ప్రశాంతంగా గీత దాటాడు. కొండ మీద వడగళ్ళు లేవు. ముందు రోజు మిగిలిపోయిన ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది. ఎత్తు మీద ఎవరి బలం ఎంతో ఇంకోసారి తేలింది.

జూలై 28, ఆదివారం: పారిస్

కారు లియోన్‌లో వదిలి రైలెక్కాం. పారిస్ స్టేజ్ ఊరేగింపు లాంటిది. రాంబుయే నుంచి 128 కిలోమీటర్లు, లూవ్ర్ మ్యూజియం ఆవరణలోంచి గాజు పిరమిడ్ పక్కగా వచ్చి షాంజెలిజే మీద చుట్లు. ఆ ఏడాది సాయంత్రం పొద్దుపోయేలా పెట్టారు. ఆర్క్ ద త్రియోంఫ్ వెనక ఆకాశం ఎర్రబడుతుండగా ఆస్ట్రేలియా స్ప్రింటర్ కేలెబ్ యువెన్ గెలిచాడు. 155 మంది పారిస్ చేరారు.

వీధంతా కొలంబియా. పసుపు నీలం ఎరుపు జెండాలు, డోళ్ళు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు. 1980లలో లూచో ఎరేరా ఆల్ప్ దువేజ్ గెలిచినప్పటి నుంచి ఆ దేశం ఈ రోజు కోసం చూసింది. కింటానా రెండుసార్లు, ఉరాన్ ఒకసారి రెండో స్థానం దాకా వచ్చి ఆగారు. బెర్నాల్‌కి అప్పుడు 22 ఏళ్ళు. లాటిన్ అమెరికా నుంచి మొదటి విజేత. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అప్పటిదాకా అంత చిన్నవయసులో టూర్ గెలిచినవాడు లేడు. అలాఫిలిప్‌ని టూర్ అంతటిలో అందరికన్నా పట్టుదలగా పోరాడిన రైడర్‌గా వేదిక మీదికి పిలిచారు. అప్పుడు కొలంబియావాళ్ళు కూడా డోళ్ళు వాయించారు. అది నాకు చాలా నచ్చింది.

మాడ్రిడ్ నుంచి వచ్చిన ఒక కొలంబియా పెద్దాయన మేం ఇజెరాన్ మీద ఉన్నామని తెలిసి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయనకి ఇంగ్లిష్ కొద్దిగా వచ్చు. అడిగింది ఒక్కటే: దాడి చేసినప్పుడు వాన ఉందా? లేదని చెప్పాను. పక్కనున్న కొడుకుని పిలిచి ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాడు.

మర్నాడు పొద్దున్న రైల్లో మా బావమరిది నలిగిపోయిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. తుది లెక్కలో థామస్ 1 నిమిషం 11 సెకన్ల వెనక, క్రౌస్‌వైక్ 1:31. "బావా, బుధవారం బెర్నాల్ థామస్ కన్నా 27 సెకన్లు వెనక ఉన్నాడు. గలిబియే మీద 32 లాగాడు, ఇజెరాన్ మీద దాదాపు నిమిషం. ఈ తేడా దాదాపు మొత్తం రెండు ఎక్కుళ్ళలోనే వచ్చింది కదా?" అన్నాడు. అవునన్నాను. పెన్ను తీసుకుని ఆ రెండు కొండల పేర్లు తెలుగులో ఎలా రాయాలో అడిగి, అంకెల పక్కన రాసుకున్నాడు. పినో పేరు మాత్రం ఆ కాగితం మీద 1:50 దగ్గర అలాగే ఉంది.